అమ్మకూ బిడ్డకూ ఒకే పలక
ఉల్లాస్ అక్షరాస్యత, అంగన్‌వాడీ చదువు: ఈ రెండింటినీ ఇంట్లో కలుపుకోవడం ఎలా?

ముందుగా ఒక మనవి. ఈ పీడీఎఫ్ ఎవరి కోసం తయారు చేశామో వాళ్లలో చాలామంది దీన్ని చదవలేరు. మీకు చదవడం వస్తే సంఘం మీటింగులోనో, ఉపాధి పని దగ్గర నీడపట్టున కూర్చున్నప్పుడో, ఇంట్లో అత్తమ్మకో, పక్కింటి వదినకో దీన్ని చదివి వినిపించండి. ఒకేసారి అంతా చదవక్కర్లేదు. వాయిస్ మెసేజ్‌గా చదివి గ్రూపులో పెట్టినా మంచిదే.

ఇక విషయానికి వద్దాం. మూడు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రులు, అక్షరాలు రాకపోయినా, వచ్చి మర్చిపోయినా, బిడ్డతో పాటే నేర్చుకోవచ్చు. ఇద్దరికీ వేర్వేరు ఏర్పాట్లు ఇప్పటికే ఉన్నాయి. బిడ్డకు అంగన్‌వాడీ, తర్వాత బడి. పెద్దవాళ్లకు ‘ఉల్లాస్’ అక్షరాస్యతా కార్యక్రమం. రెండూ ఉచితమే. ఆ రెండు చదువులూ సాయంత్రం ఇంట్లో ఒకచోట కలిస్తే ఇద్దరికీ లాభం. ఆ కలిపే పని ఏ ఆఫీసూ చేయలేదు, ఇంట్లోనే జరగాలి. అది ఎలాగో చెప్పడానికే ఈ పాఠం.

“నాకే రాదు, వాడికేం చెప్తాను?”

సంఘం సమావేశాల్లో తరచుగా వినపడే మాట ఇది. దీని వెనుక ఒక అపోహ ఉంది. చదువంటే అక్షరాలతోనే మొదలవుతుందని మనం అనుకుంటాం. నిజానికి బిడ్డ చదువు మాటలతో మొదలవుతుంది. జోలపాట, పొడుపు కథ, ‘ఇదేంటి? అదేంటి?’ అని అడిగితే ఓపిగ్గా చెప్పే జవాబు, రాత్రి పడుకునేముందు చెప్పే కథ... ఇవన్నీ చదువే. ఎక్కువ మాటలు విన్న బిడ్డకు బడిలో పుస్తకం తెరిచినప్పుడు ఆ మాటలు ముందే తెలిసి ఉంటాయి. అక్షరాలు కూడబలుక్కోగానే ‘ఓహో, ఇదా!’ అని అర్థమవుతుంది. మాటే తెలియని బిడ్డ అక్షరాలన్నీ పలికినా అర్థం కాక దిక్కులు చూస్తాడు.

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని జాతీయ విద్యా విధానం 2020లో రాశారు. అంటే బడిలో వేయకముందే సగానికి మించిన పని అయిపోతుంది. ఆ సమయంలో బిడ్డ దగ్గర ఎక్కువసేపు ఉండేది టీచరు కాదు, మీరే. మీకు అక్షరాలు రాకపోయినా మాట ఉంది, కథ ఉంది, లెక్క ఉంది. కూలి డబ్బులు, పొదుపు వాయిదా, పాల లెక్క నోటితోనే చెప్పేస్తారు కదా.

గిరిజన ప్రాంతాల వాళ్లకు ఒక మాట. ఇంట్లో కోయ, సవర, కువి మాట్లాడే తల్లులు బిడ్డతో ఆ భాషలోనే కథలు చెప్పండి. తెలుగు రాకుండా పోతుందని భయపడి ఇంటి భాష మాన్పించకండి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే ఎనిమిది గిరిజన భాషల్లో బడి చదువు మొదలుపెట్టింది, ఇంటి భాషలో పునాది పడితే రెండో భాష తేలికవుతుందనే.

బిడ్డ చదివి పెడితే సరిపోదా?

సరిపోదు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. బ్యాంకు మెసేజ్ వస్తే మూడో తరగతి పిల్లాడు చదువుతాడు. ‘తల్లికి వందనం’ డబ్బులు పడ్డాయా లేదా చూసేదీ వాడే. బడి నుంచి వచ్చిన కాగితం చదివేదీ వాడే. ఆఖరికి వాడి ప్రోగ్రెస్ కార్డు చదివి మార్కులు చెప్పేది కూడా వాడే! నవ్వొచ్చినా ఇందులో చిక్కుంది. ఆసుపత్రిలో ఇచ్చిన మందు సీసా మీద రోజుకు ఎన్నిసార్లు వేయాలని రాసి ఉందో, గడువు ఎప్పటితో అయిపోతుందో ఎనిమిదేళ్ల పిల్లాడి మీద వదిలేయకూడదు. పురుగుమందు డబ్బా మీద ఎర్ర త్రిభుజం ఉంటే అది అన్నిటికన్నా ప్రమాదకరమైనదని, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని రంగు చూసి గుర్తుపట్టొచ్చు. కానీ ఎంత కలపాలి, ఒంటి మీద పడితే ఏం చేయాలి అన్నది అక్షరాల్లోనే ఉంటుంది. అప్పు కాగితం మీద వేలిముద్ర వేసే ముందు అందులో ఎంత రాశారో చూసుకోవాల్సింది కూడా మీరే.

అందుకే బిడ్డ మీ తరఫున చదవడం వేరు, బిడ్డతో కలిసి మీరు చదవడం వేరు. మనకు కావాల్సింది రెండోది.

ఇంట్లో అరగంట

రోజుకు అరగంట చాలు. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నప్పుడైనా, తిన్న తర్వాత మంచం మీదైనా, ఏ సమయమైనా సరే. రోజూ ఒకే వేళ అయితే బిడ్డే గుర్తుచేస్తాడు. టీవీ, ఫోను ఆ కాసేపు పక్కన పెట్టండి.

ఏంతో మొదలుపెట్టాలి? అందరూ ‘అ, ఆ’లతో మొదలుపెట్టి యాభై ఆరు అక్షరాలూ వల్లె వేయిస్తారు. పిల్లాడికి పాటలా వచ్చేస్తుంది, కానీ మధ్యలో ఒక అక్షరం చూపిస్తే చెప్పలేడు. పెద్దవాళ్లకైతే అంతవరకు ఓపికే ఉండదు. నా సలహా, ముందు మీ పేరు, బిడ్డ పేరు. పలక మీద బోధకుడి చేత రెండూ రాయించుకోండి. పేరులోని అక్షరాలు ఎవరికైనా త్వరగా గుర్తుంటాయి. ఇద్దరి పేర్లలో ఒకే అక్షరం ఉంటే వెతకమనండి. మొదటిరోజు పాఠం అంతే.

తర్వాత గుడులూ కొమ్ములూ లేని మాటలు: తల, వల, పలక, పడవ, గడప, కడవ. అందరం ‘అమ్మ’తో మొదలుపెట్టాలని చూస్తాం కానీ రాయడానికి అది మరీ తేలిక మాట కాదు, మకు కింద మవత్తు ఉంది. దాన్ని రెండు వారాలు ఆగి నేర్చుకున్నా అమ్మ ఏమీ అనుకోదు. తేలిక మాటలు పది వచ్చాక ‘పాలు’ రాయండి. పకు దీర్ఘం, లకు కొమ్ము. ఒక్క మాటలో రెండు గుర్తులు నేర్చుకున్నట్టు. పాల ప్యాకెట్ మీద ఆ మాట ఎక్కడుందో బిడ్డను వెతకమనండి. దొరికితే ఆ ఆనందం చూడాలి!

మీ చేయి అలవాటు లేదని జంకకండి. రోజూ వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు వేసే చేతికి వంపులు తిప్పడం కొత్త కాదు. తెలుగు అక్షరాల్లో వంపులే ఎక్కువ. ముగ్గు చెయ్యి ఉన్నవాళ్లకు ‘ల’, ‘అ’, ‘ళ’ తొందరగా పట్టుబడతాయి. బిడ్డకు కూడా పెన్సిలు ఇచ్చే ముందు ఇసుకలోనో, పళ్లెంలో పోసిన బియ్యప్పిండిలోనో వేలితో రాయించండి. మూడేళ్ల బిడ్డ వేళ్లకు పెన్సిలు పట్టే బలం ఇంకా ఉండదు. ఆ వయసులో కాపీ పుస్తకాలు ఇచ్చి నొక్కి రాయించడం మంచిది కాదు. అంగన్‌వాడీలో రాత తక్కువ, ఆట ఎక్కువ అని కొందరు తల్లులు ఫిర్యాదు చేస్తుంటారు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో విడుదల చేసిన ‘ఆధారశిల’ పాఠ్య ప్రణాళిక మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటతోనే నేర్పమంటోంది. అది తప్పించుకోవడం కాదు, పద్ధతే అది.

లెక్కలకు పుస్తకమే అక్కర్లేదు. వామనగుంటలు తీయండి. గుంటకు ఇన్నేసి గింజలు పంచడం, చేతిలో ఎన్ని మిగిలాయో చూడడం, చివరికి ఎవరికి ఎక్కువో లెక్కపెట్టడం... కూడికా తీసివేతా రెండూ ఆటలోనే ఉన్నాయి. అష్టాచెమ్మా కూడా అంతే. మీ వైపు నేర్చుకోవాల్సింది అంకెను కాగితం మీద చదవడం. ఫోను వాడుతున్నవాళ్లకు అంకెలు సగం వచ్చినట్టే. పొదుపు పుస్తకం తెరిచి మీ వాయిదా ఏ గడిలో రాశారో, మొత్తం ఎంతయిందో వేలు పెట్టి చూడండి. పక్కన బిడ్డ కూడా చూస్తాడు. అమ్మ కాగితాన్ని చదవడం చూస్తూ పెరిగిన బిడ్డకు చదువు బడి వ్యవహారం మాత్రమే కాదని చెప్పకుండానే తెలుస్తుంది.

బిడ్డ మీకంటే ముందుకెళ్లిపోతాడు. రెండో తరగతికి వచ్చేసరికి తప్పకుండా వెళ్తాడు. అప్పుడు సిగ్గుపడి ఆపేసేవాళ్లు ఎక్కువ. ఆపకండి. ‘ఇది నాకు రాలేదు, నువ్వు చెప్పు’ అని అడగండి. నేర్పించే పిల్లాడు తనకు వచ్చింది మరోసారి గట్టి చేసుకుంటాడు. తప్పు చెబితే మీరు తరగతిలో అడిగి మర్నాడు ఇద్దరూ సరిచేసుకోండి.

నాన్నలకు కూడా ఇదే వర్తిస్తుంది. ట్రాక్టరు తోలేవాళ్లకు, ఆటో నడిపేవాళ్లకు ఊళ్ల బోర్డులు గుర్తుపట్టడం అలవాటే. బండి మీద బిడ్డను తీసుకెళ్తూ ‘ఆ బోర్డు మీద మొదటి అక్షరం ఏంటి?’ అని అడిగినా పాఠమే. నాయనమ్మ, అమ్మమ్మ ఉన్న ఇళ్లలో కథల బాధ్యత వాళ్లకు అప్పగించండి. ఆ పని వాళ్లంత బాగా మరెవరూ చేయలేరు.

ఇలా చేస్తే ఫలితం ఉంటుందా?

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. రాజస్థాన్, బీహార్ గ్రామాల్లో ప్రథమ్ సంస్థ కార్యక్రమాల మీద పరిశోధకులు ఒక అధ్యయనం చేసి 2017లో ప్రచురించారు. కొన్ని చోట్ల తల్లులకు అక్షరాస్యతా తరగతులు పెట్టారు. కొన్ని చోట్ల ఇంట్లో బిడ్డ చేత ఏం చేయించాలో తల్లులకు చూపించారు. మరికొన్ని చోట్ల రెండూ చేశారు. మూడు పద్ధతుల్లోనూ పిల్లల లెక్కలు మెరుగయ్యాయి, కానీ కొద్దిగానే. తల్లులకు చదువూ లెక్కా రెండూ పెరిగాయి, బిడ్డ చదువులో తల్లి పాలుపంచుకోవడం పెరిగింది. అంటే అద్భుతాలు జరగవు. ఏడాది తిరిగేసరికి మీ వాడు క్లాసులో ఫస్ట్ వస్తాడని ఎవరైనా చెబితే నమ్మకండి.

అయినా ఈ దారిలో నడిచినవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో 1980లలో బడి చదువు పూర్తికాని తల్లిదండ్రులనూ వాళ్ల మూడు, నాలుగేళ్ల పిల్లలనూ వారంలో మూడు రోజులు ఒకే బడికి రప్పించారు. పిల్లలు ఒక గదిలో, పెద్దలు ఇంకో గదిలో, తర్వాత కాసేపు ఇద్దరూ కలిసి. టర్కీలో 1982లో ఇస్తాంబుల్‌లోని పేద కుటుంబాల తల్లులకు ఇంట్లో బిడ్డతో చేయాల్సిన పనులు నేర్పించారు. ఏళ్ల తర్వాత వెళ్లి చూస్తే ఆ తల్లుల పిల్లలు బడిలో ఎక్కువ కాలం కొనసాగారని తేలింది.

అంత దూరం ఎందుకు, పెద్దల చదువు ఊరిని ఎలా కదిలిస్తుందో నెల్లూరు జిల్లాను అడగండి. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రిబడి వాచకంలో ‘సీతమ్మ కథ’ అని సారా గురించి ఒక పాఠం ఉంది. ఆ పాఠం చదివి, మాట్లాడుకున్న దూబగుంట ఆడవాళ్లు ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం ఊరూరా పాకి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. వాచకంలో ఒక పాఠం! 2011 జనగణన నాటికి కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో అక్షరాస్యత 59.15 శాతమే. అంటే వందలో నలభై మందికి ఆ పాఠం ఇంకా అందలేదు.

ఉల్లాస్‌లో ఎవరు, ఎలా చేరాలి?

ఉల్లాస్ అంటే కేంద్రం 2022–27 కాలానికి ఆమోదించిన నవభారత సాక్షరతా కార్యక్రమం. కేంద్రం, రాష్ట్రం కలిసి ఖర్చు పెడుతున్నాయి. 15 ఏళ్లు నిండి, చదవడం రాయడం రానివాళ్లు ఎవరైనా చేరొచ్చు. పై వయసుకు హద్దు లేదు. చదవడం, రాయడం, లెక్కలతో పాటు డబ్బు వ్యవహారాలు, ఫోను వాడకం, ఆరోగ్యం, పిల్లల పెంపకం లాంటి జీవన నైపుణ్యాలు కూడా ఇందులో ఉన్నాయి.

చదువు చెప్పేది స్వచ్ఛంద బోధకులు. వాళ్లకు జీతం ఉండదు. ఊళ్లో చదువుకున్న కోడలు, డిగ్రీ చదివే అమ్మాయి, రిటైరైన మాస్టారు, ఎవరైనా కావచ్చు. వీళ్లను ‘వాలంటీర్లు’ అంటుంటే కొందరు పాత గ్రామ వాలంటీర్లనుకుంటున్నారు. వాళ్లు వేరు, వీళ్లు వేరు.

పేరు నమోదు ఉల్లాస్ యాప్‌లో జరుగుతుంది. మీకు యాప్ తెలియకపోతే మీ ఊరి బడి హెడ్మాస్టరును గానీ, సంఘం యానిమేటరును గానీ, అంగన్‌వాడీ కార్యకర్తను గానీ అడగండి. వాళ్లకూ తెలియకపోతే జిల్లా వయోజన విద్యా శాఖ కార్యాలయంలో కనుక్కోమనండి. నమోదుకు ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. ఎవరైనా డబ్బులడిగినా, బ్యాంకు ఓటీపీ చెప్పమన్నా చెప్పకండి.

చిన్నబిడ్డ ఉన్న తల్లులు చేరేటప్పుడే ఒక మాట అడిగి ఉంచండి: తరగతి అంగన్‌వాడీ దగ్గరో బడిలోనో పెట్టుకుందామా అని. బిడ్డ అక్కడే ఆడుకుంటుంది, తల్లి చదువుకుంటుంది. వేళ కూడా నలుగురూ కూర్చుని నిర్ణయించుకోవచ్చు. నాట్లప్పుడు, కోతలప్పుడు తరగతి నడవదు, ఆ సంగతి అందరికీ తెలుసు. పని తగ్గగానే మళ్లీ మొదలుపెట్టండి. ఒక్కరే అయితే మానేస్తారు, అందుకని ఇద్దరు ముగ్గురు కలిసి చేరండి. నెలకోసారి అంగన్‌వాడీలో తల్లులను పిలిచి పిల్లల ఆటపాటలు చూపించే రోజు ఉంటుంది. ఆ రోజు తప్పకుండా వెళ్లండి, ఇంట్లో చేయించాల్సినవి అక్కడే చూసి నేర్చుకోవచ్చు.

పరీక్ష సంగతి

నేర్చుకున్నాక ఒక పరీక్ష ఉంటుంది. చదవడానికి 50 మార్కులు, రాయడానికి 50, లెక్కలకు 50, మొత్తం 150. తెలుగులోనే రాయొచ్చు. ప్రశ్నలు బొమ్మను చూసి పేరు రాయడం, చిన్న వాక్యం చదవడం, కూడికలు, తీసివేతలు లాంటివి. తప్పినా మళ్లీ రాయొచ్చు, ఎన్నిసార్లన్న భయం అక్కర్లేదు. గట్టెక్కినవాళ్లకు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ సర్టిఫికెట్ ఇస్తుంది. అది పదో తరగతి సర్టిఫికెట్‌తో సమానం కాదు. పదో తరగతి రాయాలనుకునేవాళ్లకు ఓపెన్ స్కూల్ దారి ఉంది.

తరచుగా అడిగే సందేహాలు

చదువు వచ్చిందని రాస్తే పింఛను, రేషన్ కార్డు తీసేస్తారా? తీసేయరు. వాటి అర్హతకూ చదువుకూ సంబంధం లేదు. ఉపాధి పనికీ లేదు. ఈ భయంతోనే చాలామంది సర్వేలో ‘నాకు చదువొచ్చు’ అనో, ‘నాకు వద్దు’ అనో చెప్పేస్తున్నారు.

చేరితే డబ్బులేమైనా ఇస్తారా? ఇవ్వరు.

సంతకం వచ్చు, ఇంకేం రాదు. నేను చేరొచ్చా? తప్పకుండా. సంతకం నేర్చుకుని ఆగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. సంతకం ఒక బొమ్మలా గీస్తారు, అందులో అక్షరాలు విడిగా చూపిస్తే చెప్పలేరు. మీలాంటివాళ్లే ముందు చేరాలి.

ఐదో తరగతి చదివాను, అంతా మర్చిపోయాను. మీకు రెండు మూడు నెలల్లో చాలావరకు తిరిగి వచ్చేస్తుంది. ఆ తర్వాత పక్కవాళ్లకు మీరే బోధకులుగా చెప్పొచ్చు.

మావారు ఒప్పుకోవడం లేదు. ఇది కాగితం మీద జవాబు చెప్పే ప్రశ్న కాదు. సంఘంలో పెట్టండి. తరగతి ఇంటికి దగ్గర్లో, పగటిపూట పెట్టుకుంటే, అత్తగారినీ చేర్చుకుంటే కొన్ని ఇళ్లలో అభ్యంతరం తగ్గుతుంది. ఇంట్లో అరగంటకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, బిడ్డ హోంవర్కు చేయిస్తున్నానంటే సరిపోతుంది.

నాకు కళ్లు సరిగా కనపడవు. ముందు కళ్లు చూపించుకోండి. నలభై దాటినవాళ్లకు దగ్గరి చూపు తగ్గడం మామూలే. ‘నాకు బుర్రకెక్కడం లేదు’ అనుకునేవాళ్లలో కొందరికి కావాల్సింది కళ్లజోడు మాత్రమే. ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి పరీక్ష ఏ రోజు చేస్తారో ఆశా కార్యకర్తను అడిగి కనుక్కోండి.